3ఎస్ విమానానికి 4ఎస్ బ్యాటరీ పెట్టవచ్చా? వోల్టేజీ దేనికి ఎంతవరకు సరిపోతుంది

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా: రేడియోతో నడిపే ఫోమ్ శిక్షణ విమానం, 1000 కేవీ మోటారు (ఇక్కడ కేవీ అంటే కిలోవోల్టు కాదు, వోల్టుకు తిరిగే చుట్లు), 10×5 ప్రొపెల్లర్ (వ్యాసం 10 అంగుళాలు, పిచ్, అంటే ఒక చుట్టుకు ముందుకు సాగే దూరం, 5 అంగుళాలు), 30 ఆంపియర్ల ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే పరికరం), నాలుగు 9 గ్రాముల సర్వోలు (విమానాన్ని తిప్పే పలకలను కదిపే చిన్న మోటార్లు). ఇప్పటిదాకా 2200 ఎంఏహెచ్ 3ఎస్ లైపో (మూడు లిథియం పాలిమర్ సెల్‌లు వరసగా కలిపిన బ్యాటరీ; 4ఎస్‌లో నాలుగు ఉంటాయి) మీద ఎగురుతోంది. వాట్‌మీటర్ పెట్టి చూస్తే పూర్తి థ్రాటిల్‌లో 17 ఆంపియర్లు వచ్చాయి. మోటారు గరిష్ఠ పరిమితి 20 ఆంపియర్లు. కెమెరా, వీడియో ట్రాన్స్‌మిటర్, 12 వోల్టుల ఎల్ఈడీ పట్టీ జోడించాక బరువు పెరిగి, విమానం పైకి ఎక్కడం మందగించింది. ఈఎస్‌సీ మీద ‘2–4ఎస్’ అని ఉంది కనుక 4ఎస్ పెట్టవచ్చా అని అడుగుతున్నారు. మీ మిత్రుడు చెప్పిన సూత్రం ఏమిటంటే, వోల్టేజీ సరిపోతే చాలు, పరికరం తనకు కావలసినన్ని ఆంపియర్లే తీసుకుంటుంది.

ఇప్పుడు ఉన్నది ఉన్నట్టుగా పెట్టవద్దు. ఈఎస్‌సీలో మోటారును నడిపే భాగం తట్టుకుంటుంది. మోటారు తట్టుకోదు. అదే ఈఎస్‌సీ లోపల సర్వోలకు కరెంటు ఇచ్చే బీఈసీ తట్టుకుంటుందని నేను హామీ ఇవ్వను. ఎల్ఈడీ పట్టీ కాసేపు కళ్లు మిరుమిట్లు గొలిపి ఆ తరవాత మాడిపోతుంది. ఒకే విమానంలో, ఒకే బ్యాటరీకి తగిలించిన నాలుగు వస్తువులకు నాలుగు వేర్వేరు జవాబులు ఎందుకో చెబుతాను. అది తెలిస్తే రేపు ఏ బ్యాటరీ చేతికి వచ్చినా మీరే లెక్క వేసుకోగలరు.

మీ మిత్రుడి సూత్రం రిసీవరు (విమానంలో రేడియో సంకేతాలను అందుకునే పరికరం) వంటి వాటికి నిజం. మోటారుకు అది వర్తించదు. మోటారుకు ‘కావలసినన్ని’ ఆంపియర్లు అంటూ ఏమీ లేవు. వోల్టేజీ పెంచితే అది ఇంకా వేగంగా తిరుగుతుంది, ప్రొపెల్లర్ ఇంకా ఎక్కువ గాలిని నెడుతుంది, దానికి ఎంత కరెంటు అవసరమైతే అంత లాగుతుంది. తీగచుట్ట మాడేదాకా లాగుతుంది. ‘ఇంతకన్నా తీసుకోను’ అనే తెలివి దానికి లేదు.

ముందుగా బ్యాటరీ సంగతి. 3ఎస్ అంటే 11.1 వోల్టులని అందరూ అంటారు, ప్యాకు మీద కూడా అదే ముద్రిస్తారు. విమానంలోని వస్తువులకు ఆ అంకె కనిపించేది ఎగురుతున్న సమయం మధ్యలో కాసేపే. లైపో సెల్ పూర్తిగా ఛార్జయితే 4.2 వోల్టులు, సగటున 3.7, మోటారు లాగుతుండగా 3.5 దగ్గరకు వస్తే దింపేయాలి, 3.0 కన్నా దిగితే సెల్ పాడవుతుంది. అంటే 3ఎస్ ప్యాకు నిజానికి 12.6 నుంచి 10.5 దాకా జారే వస్తువు. 4ఎస్ అయితే 16.8 నుంచి 14 దాకా జారుతుంది. ఏ పరికరాన్ని సరిపోల్చినా ఈ రెండు కొసల దగ్గర సరిపోల్చాలి. అప్పుడే ఛార్జింగ్ నుంచి తీసి, మోటారు తిరగకుండా తగిలించినప్పుడు వచ్చే అత్యధిక వోల్టేజీకి పరికరం కాలిపోకూడదు. ఎగరడం ముగిసే వేళ, పూర్తి థ్రాటిల్‌లో వోల్టేజీ కుంగిపోయినప్పుడు అది ఆగిపోకూడదు. మధ్యలో ముద్రించిన అంకెతో సరిపోల్చేవాళ్లకు ఈ రెండు కొసలూ కనిపించవు, కష్టాలన్నీ అక్కడే ఉంటాయి.

ఎల్ఐహెచ్‌వీ (ఎక్కువ వోల్టేజీ లైపో) రకం సెల్‌ను 4.35 దాకా ఛార్జి చేస్తారు, కాబట్టి ఆ రకం 4ఎస్ ప్యాకు 17.4 వోల్టులతో మొదలవుతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్ నామమాత్రపు వోల్టేజీ సుమారు 3.3, పూర్తిగా నిండితే 3.6 పైచిలుకు. లిథియం అయాన్ 18650 సెల్ పైకొస లైపోలాగే 4.2, కింది కొస మాత్రం ఇంకా దిగువన, 2.5 నుంచి 3 మధ్య ఉంటుంది. వాటితో ఎగిరేవాళ్లు ఈఎస్‌సీ కట్-ఆఫ్‌ను (వోల్టేజీ ఇంతకు దిగితే మోటారును ఆపాలనే హద్దును) అందుకు తగ్గట్టు మార్చుకోకపోతే, ఇంకా చాలా శక్తి మిగిలి ఉండగానే మోటారు ఆగిపోతుంది. ‘ఎస్’ సంఖ్య ఒకటే అయినంత మాత్రాన వోల్టేజీ ఒకటే కాదన్నమాట.

ఇక మోటారు. కేవీ 1000 అంటే ప్రొపెల్లర్ లేకుండా ఒక వోల్టుకు నిమిషానికి వెయ్యి చుట్లు. ప్రొపెల్లర్ తగిలిస్తే అందులో 75 నుంచి 80 శాతం దాకా వస్తుంది. వోల్టేజీ పెరిగిన నిష్పత్తిలోనే వేగం పెరుగుతుంది. అసలు సంగతి ప్రొపెల్లర్‌లో ఉంది. దాన్ని తిప్పడానికి కావలసిన బలం వేగపు వర్గంతో పెరుగుతుంది. శక్తి వేగపు ఘనంతో పెరుగుతుంది. మోటారు లాగే కరెంటు ఆ బలంతో పాటే నడుస్తుంది కనుక అది కూడా వర్గంతోనే పెరుగుతుంది.

మీ అంకెలు వేసి చూద్దాం. 3ఎస్ నుంచి 4ఎస్‌కు వెళ్తే వోల్టేజీ 1.33 రెట్లు. కరెంటు దాని వర్గం, అంటే 1.78 రెట్లు. 17ను 1.78తో గుణిస్తే 30 ఆంపియర్లు. నిజంగా అంత రాదు, ఎందుకంటే ఎక్కువ లాగేకొద్దీ బ్యాటరీ వోల్టేజీ కుంగుతుంది, తీగల్లోనూ చుట్టల్లోనూ కొంత పోతుంది. 27 దగ్గర ఆగుతుందని నా అంచనా. మోటారు పరిమితి 20. చుట్టల్లో పుట్టే వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది కనుక 17 ఆంపియర్ల దగ్గర పుట్టే వేడికి 27 దగ్గర రెండున్నర రెట్లు పుడుతుంది. చుట్టలకు పూసిన ఎనామిల్ ఆ వేడికి కరిగి తీగకు తీగ తగిలితే మోటారు పని ముగిసినట్టే. అప్పుడు కరెంటు ఒక్కసారిగా ఎగబాకి ఈఎస్‌సీని కూడా వెంట తీసుకుపోతుంది. ‘2–4ఎస్, 30 ఆంపియర్లు’ అని ఈఎస్‌సీ మీద రాసినది ఆ ఈఎస్‌సీ గురించి మాత్రమే. వెనక ఏ మోటారు ఉంది, దానికి ఏ ప్రొపెల్లర్ బిగించారు అన్నది దానికి తెలియదు.

కాబట్టి మోటారుకు వోల్టేజీ సరిపోల్చడమంటే నిజానికి ప్రొపెల్లర్‌ను సరిపోల్చడమే. దీనికి ఒక మోటు లెక్క ఉంది. ఒకే వేగం దగ్గర ప్రొపెల్లర్ భారం వ్యాసం నాలుగో ఘాతంతోనూ పిచ్‌తోనూ మారుతుంది. మీ 10×5కు అది 10,000 × 5 = 50,000. 9×5కు 6,561 × 5, సుమారు 32,800. 8×6కు 4,096 × 6, సుమారు 24,600. వీటిని 50,000తో భాగించి, ఇందాకటి 1.78తోనూ 17తోనూ గుణించండి. 4ఎస్ మీద 9×5 సుమారు 20 ఆంపియర్లు లాగుతుంది. సరిగ్గా పరిమితి మీద కూర్చుంటుంది, నేనైతే పెట్టను. 8×6 దాదాపు 15 లాగుతుంది, హాయిగా ఇముడుతుంది. బ్లేడు ఆకారం తయారీదారును బట్టి మారుతుంది కనుక ఈ లెక్కను తుది మాటగా తీసుకోకండి. ఏ ప్రొపెల్లర్‌తో ప్రయత్నం మొదలుపెట్టాలో చెప్పడానికి ఇది చాలు, మిగతాది వాట్‌మీటర్ చెబుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. 8×6తో మోటారు బతుకుతుంది, శక్తి కూడా పెరుగుతుంది, కానీ విమానం స్వభావం మారిపోతుంది. చిన్న ప్రొపెల్లర్ వేగంగా తిరిగితే గాలి సన్నటి, వేగమైన ధారగా వెళ్తుంది. అది రేసు విమానానికి మంచిది. నిదానంగా తేలే బరువైన శిక్షణ విమానానికి కావలసింది పెద్ద ప్రొపెల్లర్ నెమ్మదిగా నెట్టే ఎక్కువ గాలి. మీ కోరిక పైకి ఎక్కే బలం గనుక చిన్న ప్రొపెల్లర్‌తో 4ఎస్ మీకు అనుకున్నంత మేలు చేయదు.

4ఎస్‌తో అసలైన లాభం కావాలంటే మోటారు మార్చండి. 1000కు బదులు 750 కేవీ మోటారు 4ఎస్ మీద తిరిగే వేగం, ఇప్పటి మోటారు 3ఎస్ మీద తిరిగే వేగం ఒక్కటే. అదే 10×5 ప్రొపెల్లర్, అదే నెట్టుడు, కరెంటు మాత్రం 17కు బదులు 13 లోపు. ఎక్కువ వోల్టేజీ వాడటంలో ఉన్న లాభం ఇదే: అదే శక్తిని తక్కువ కరెంటుతో తీసుకెళ్లడం, తీగల్లో, ఈఎస్‌సీలో వేడి తగ్గించడం. కొంచెం పెద్ద చట్రంలో 750–850 కేవీ మోటారు తీసుకుని 11 అంగుళాల ప్రొపెల్లర్ పెడితే మీరు అడిగిన ఎక్కుడు బలం వస్తుంది. దాన్నీ కొలిచి చూశాకే ఎగరేయండి.

ప్రొపెల్లర్ వేగ పరిమితి కూడా చూడాలి. స్లో ఫ్లయర్ అని రాసి ఉండే పలుచటి ప్రొపెల్లర్లకు ఏపీసీ సంస్థ ఇచ్చే హద్దు 65,000ను అంగుళాల్లో వ్యాసంతో భాగిస్తే వచ్చే సంఖ్య. 10 అంగుళాల దానికి నిమిషానికి 6,500 చుట్లు. 1000 కేవీ మోటారు 3ఎస్ మీదే దాన్ని దాటించగలదు. 4ఎస్ మీద అటువంటి ప్రొపెల్లర్ ఊడి ఎగిరితే ఎదురుగా నిలబడ్డవారి ముఖానికే ప్రమాదం. మీది ఏ రకమో బ్లేడు మీద చదవండి.

కొలిచే పద్ధతి మీకు తెలిసినదే అయినా ఒక మాట. విమానాన్ని గట్టిగా కట్టి, ప్రొపెల్లర్ తిరిగే తలానికి పక్కనా ముందూ ఎవరూ లేకుండా చూసి, అప్పుడే నింపిన ప్యాకుతో పూర్తి థ్రాటిల్ 5 సెకన్లకు మించకుండా ఇచ్చి అంకె చూడండి. సగం దిగిన ప్యాకుతో కొలిచి ‘18 ఆంపియర్లే కదా’ అనుకుంటే, నిండు ప్యాకుతో అది 21 అవుతుంది. గాలిలో వేగం అందుకున్నాక ప్రొపెల్లర్ మీద భారం కొంత తగ్గుతుంది, కానీ ఆ తగ్గుదలను నమ్ముకుని నేల మీద పరిమితి దాటించవద్దు.

ఇప్పుడు బీఈసీ. వోల్టేజీ సరిపోలక విమానాలు కూలే సందర్భాల్లో మోటారు మాడినవాటి కన్నా బీఈసీ ఆగిపోయినవి ఎక్కువని నా అభిప్రాయం. మోటారు మాడితే పొగ, వాసన వస్తాయి, అందరికీ కనిపిస్తుంది. బీఈసీ ఆగిపోతే ‘సిగ్నల్ పోయింది’ అని రేడియో మీద నింద పడుతుంది. కింద పడ్డ విమానం దగ్గరకు వెళ్లేలోపు అది చల్లబడి మళ్లీ పనిచేస్తూ ఉంటుంది.

మీ ఈఎస్‌సీలో ‘5 వోల్టులు, 2 ఆంపియర్లు’ అని రాసిన బీఈసీ లీనియర్ రకమని మీరు పెట్టిన ఫోటోలోనే రాసి ఉంది. లీనియర్ రకం చేసే పని, బ్యాటరీ వోల్టేజీలో 5కు మించిన భాగాన్ని వేడిగా పారేయడం. ఎంత వేడి అన్నది తేలికైన గుణకారం: బ్యాటరీ వోల్టేజీలో నుంచి 5 తీసివేసి, సర్వోలు, రిసీవరు లాగే ఆంపియర్లతో గుణించాలి. 3ఎస్ మీద సగటున 11.1 అనుకుంటే, 0.8 ఆంపియర్లకు దాదాపు 5 వాట్లు. 4ఎస్ నిండుగా ఉంటే 16.8లో 5 పోగా 11.8, అదే 0.8 ఆంపియర్లకు 9.4 వాట్లు. గాలి ఉధృతంగా ఉన్న రోజు స్టిక్కులు నిరంతరం కదుపుతూ 1.5 ఆంపియర్లు లాగితే 17 వాట్లు దాటుతుంది. ష్రింక్ గొట్టంలో చుట్టి, ఫోమ్ లోపల దూర్చిన గోరంత చిప్పు మీద 17 వాట్లు! టంకం పెట్టే చిన్న ఇనుము దాదాపు అంత శక్తితోనే పనిచేస్తుంది. చిప్పులో వేడి రక్షణ ఉంటుంది కనుక హద్దు దాటగానే అది తనను తాను ఆపేసుకుంటుంది. రిసీవరు ఆరిపోతుంది. విమానానికి ఇక పైలట్ లేనట్టే.

మరి ‘2 ఆంపియర్లు’ అని ఎందుకు రాశారు? ఆ అంకె తక్కువ వోల్టేజీ దగ్గర నిజం. చాలా ఈఎస్‌సీల కరపత్రంలో 2ఎస్ మీద ఇన్ని సర్వోలు, 3ఎస్ మీద ఇన్ని, 4ఎస్ మీద ఇన్ని అని ఒక పట్టిక ఉంటుంది. సెల్‌ల సంఖ్య పెరిగేకొద్దీ సర్వోల సంఖ్య తగ్గుతూ పోవడం అందులో చూస్తారు. పెట్టెలో ఈఎస్‌సీ కింద పడి ఉండే ఆ చిన్న కాగితం ముందువైపు రాసే పెద్ద అంకెల కన్నా విలువైనది. 9 గ్రాముల సర్వో ఖాళీగా ఉన్నప్పుడు ఏమీ లాగనట్టే కనిపించినా, కదులుతుంటే 0.2 ఆంపియర్ల దాకా, ఇరుక్కుని ఆగిపోతే 0.7 దరిదాపుల దాకా లాగుతుంది. నాలుగింటిలో ఒక్కటి లింకేజీ బిగుసుకుని మూలుగుతూ ఉన్నా బీఈసీ మీద అదనపు భారం ఎడతెగకుండా పడుతూనే ఉంటుంది. మూలిగే సర్వోను ముందు బాగుచేయండి, ఆ తరవాతే బీఈసీ గురించి ఆలోచించండి.

4ఎస్‌కు వెళ్తే మీకు కావలసింది స్విచింగ్ రకం బీఈసీ, వేరేగా పెట్టుకునేది. అది అదనపు వోల్టేజీని వేడిగా పారేయదు, వేగంగా ఆన్-ఆఫ్ చేస్తూ మార్చి ఇస్తుంది, వృథా కొద్దిగానే ఉంటుంది. ఇన్‌పుట్ 6ఎస్ దాకా తట్టుకునేది, నిరంతరంగా 3 ఆంపియర్లు ఇవ్వగలిగేది మీకు సరిపోతుంది. ‘పీక్ 5 ఆంపియర్లు’ అని పెద్దగా రాసినది చూసి మురిసిపోకుండా, నిరంతర విలువ ఎంతో వెతకండి.

దాన్ని తగిలించేటప్పుడు ఈఎస్‌సీ నుంచి రిసీవరుకు వెళ్లే మూడు తీగల్లో మధ్యనున్న ఎర్ర తీగను తప్పనిసరిగా విడదీయాలి. కనెక్టర్‌లోని సన్నటి ప్లాస్టిక్ నాలుకను సూదితో ఎత్తి, పిన్నును బయటకు లాగి, టేపు చుట్టి వెనక్కి మడవండి. తీగను కత్తిరించకండి, రేపు మళ్లీ కావలసి రావచ్చు. ఎర్రది అలాగే ఉంచితే రెండు బీఈసీలు ఒకే తీగలకు కరెంటు పోస్తాయి. రెండింటి వోల్టేజీలు అచ్చంగా ఒకటి కావు కనుక ఒకటే భారమంతా మోస్తుంది, లేదా ఒకదాని నుంచి ఇంకోదానిలోకి ప్రవహిస్తుంది. నలుపు లేదా గోధుమ రంగు తీగ మాత్రం కదల్చవద్దు. అది సిగ్నల్‌కు కూడా తిరుగుదారి, అది ఊడితే ఈఎస్‌సీకి థ్రాటిల్ సంకేతం అర్థం కాదు. రెండు మోటార్ల విమానంలో రెండు ఈఎస్‌సీలున్నప్పుడు కూడా ఒకదాని ఎర్ర తీగ తీసేయడం ఇందుకే.

స్విచింగ్ బీఈసీకి కింది కొస కూడా చూడాలి. అది వోల్టేజీని తగ్గించగలదు, పెంచలేదు. లోపలికి వచ్చేది బయటకు ఇచ్చేదానికన్నా ఒకటి రెండు వోల్టులైనా ఎక్కువ ఉండాలి. 4ఎస్‌తో మీకు ఈ బెంగ లేదు. కానీ 2ఎస్ విమానంలో 6 వోల్టులకు పెట్టిన బీఈసీ, ప్యాకు కుంగి 6.5కు వచ్చినప్పుడు చేతులెత్తేస్తుంది. అక్కడ 5 వోల్టులకు మార్చుకోవాలి.

ఇక బీఈసీలో 5, 6, 7.4 అని జంపర్ ఉంటే ఏది ఎంచుకోవాలి? మీ 9 గ్రాముల సర్వోలు 4.8 నుంచి 6 దాకా అని రాసి ఉన్నవి. 5 దగ్గర ఉంచండి. 6 ఇస్తే కాస్త చురుకుగా, బలంగా పనిచేస్తాయి, కానీ ఈ చవక సర్వోలకు అది వాటి పైకొస. హెచ్‌వీ (హై వోల్టేజీ) అని రాసిన సర్వోలు మాత్రమే 2ఎస్ లైపో నేరుగా ఇచ్చే 8.4 వోల్టులను భరిస్తాయి. విమానంలో ఆరు సర్వోలుండి ఒక్కటి మామూలుదైనా, ఆ ఒక్కదాన్ని బట్టే వోల్టేజీ నిర్ణయించాలి. రిసీవర్ల సంగతి దీనికి వేరు. చాలా రిసీవర్లు 3.5 నుంచి 9 లేదా 10 దాకా తట్టుకుంటాయి, వాటి మీదే రాసి ఉంటుంది. రిసీవరు 9 వోల్టులు తట్టుకుంటుంది కదా అని దానికి నేరుగా 2ఎస్ తగిలించేవాళ్లున్నారు. రిసీవరు ఆ వోల్టేజీని ఏమీ మార్చకుండా సర్వోలకు పంపిస్తుంది. రిసీవరు వెలుగుతూనే ఉంటుంది, సర్వోలు పొగలు కక్కుతాయి.

రిసీవరుకు పైకొస కన్నా కింది కొసే ప్రమాదం. సర్వోలన్నీ ఒక్కసారి కదిలినప్పుడు బీఈసీ తట్టుకోలేక వోల్టేజీ క్షణకాలం 3.5 కిందకు జారితే రిసీవరు తిరిగి మొదలవుతుంది. దీనికి రిసీవరు ఖాళీ పోర్టులో 2200 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టమని సలహా ఇస్తుంటారు. పెట్టవచ్చు, నష్టం లేదు, ప్లస్ మైనస్ తారుమారు చేయకండి. కానీ దాని శక్తి ఎంతో చూడండి: 1 ఆంపియరు లోటును అది 1 వోల్టు తగ్గేలోపు మోయగలిగేది 2.2 మిల్లీసెకన్లు. సర్వో కదలిక మొదలైన తొలి తన్నుకు అది చాలుతుంది. చాలని బీఈసీని చాలేటట్టు చేయడం దానివల్ల కాదు.

ఇక మీరు కొత్తగా చేర్చిన సామాను. వీడియో ట్రాన్స్‌మిటర్ మీద 7–24 వోల్టులు అని ఉంది, లోపల దాని సొంత రెగ్యులేటర్ ఉంది. 3ఎస్, 4ఎస్ రెండూ రెండు కొసల దగ్గరా ఇముడుతాయి. మీ మిత్రుడి సూత్రం నిజమయ్యేది ఇక్కడే: వోల్టేజీ హద్దులో ఉంటే తనకు కావలసినంతే తీసుకుంటుంది. దానికి ముందు కరెంటులోని కుదుపులను ఆపే చిన్న ఎల్‌సీ ఫిల్టర్ పెట్టుకోండి, లేకపోతే థ్రాటిల్ ఎత్తగానే చిత్రంలో గీతలు పారుతాయి. కెమెరా 5 వోల్టులది. దాన్ని ట్రాన్స్‌మిటర్ ఇచ్చే 5 వోల్టుల అవుట్‌పుట్ నుంచి నడపండి, సర్వోల బీఈసీ నుంచి వద్దు. వాటి కుదుపులు చిత్రంలో కనిపిస్తాయి.

ఎల్ఈడీ పట్టీ అమాయకంగా కనిపిస్తుంది గానీ వోల్టేజీకి అందరికన్నా సున్నితమైనది అదే. 12 వోల్టుల తెల్ల పట్టీలో మూడేసి ఎల్ఈడీలు, వరసగా ఒక రెసిస్టర్ ఉంటాయి. మూడు ఎల్ఈడీలు కలిసి సుమారు 9.5 వోల్టులు తీసుకుంటాయి, వోల్టేజీ మారినా ఆ 9.5 పెద్దగా మారదు. మిగిలినదంతా రెసిస్టర్ మీద పడుతుంది. 12 ఇస్తే మిగిలేది 2.5 వోల్టులు. 16.8 ఇస్తే మిగిలేది 7.3. కరెంటు దాదాపు మూడు రెట్లు, రెసిస్టర్‌లో వేడి ఎనిమిది రెట్లకు పైనే. ఇచ్చిన వోల్టేజీ మాత్రం 40 శాతమే ఎక్కువ! 3ఎస్ ప్యాకు 10.5కు దిగినప్పుడు మీ పట్టీ మసకబారడానికి కారణమూ ఇదే లెక్క. 4ఎస్‌కు వెళ్తే 12 వోల్టులకు తగ్గించే చిన్న స్టెప్-డౌన్ మాడ్యూల్ పెట్టండి.

పట్టీకి ప్యాకు బ్యాలెన్స్ తీగ (ప్రతి సెల్‌కూ విడిగా వెళ్లే సన్నటి తీగల గుత్తి) నుంచి మూడు సెల్‌లు మాత్రమే వాడుకుంటే సరిపోతుంది కదా అని కొందరు చెబుతారు. చేయకండి. మూడు సెల్‌లు ఎక్కువ దిగి, నాలుగోది నిండుగా మిగులుతుంది. ఈఎస్‌సీకి మొత్తం వోల్టేజీ ఒక్కటే కనిపిస్తుంది కనుక ఆ మూడూ 3.0 కిందకు పోతున్నా అది మోటారును ఆపదు.

కట్-ఆఫ్ మాట వచ్చింది కనుక ఇంకొకటి. చాలా ఈఎస్‌సీలు తగిలించిన క్షణంలో కనిపించిన వోల్టేజీని బట్టి సెల్‌ల సంఖ్య ఊహించుకుంటాయి. బాగా దిగిపోయిన 4ఎస్, సెల్‌కు 3.15 చొప్పున, 12.6 చూపిస్తుంది. నిండు 3ఎస్ చూపేదీ 12.6. ఈఎస్‌సీ అది 3ఎస్ అనుకుంటే, సెల్‌కు 3.2 చొప్పున 9.6 దాకా మోటారును ఆపదు, అంటే 4ఎస్‌లో సెల్‌కు 2.4 వోల్టులు. ఆ ప్యాకు మళ్లీ పనికి రాదు. తగిలించినప్పుడు వచ్చే బీప్‌లు లెక్కపెట్టండి. 3ఎస్, 4ఎస్ రెండూ వాడేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. కట్-ఆఫ్‌ను సెల్‌కు 3.2 దగ్గర, ఒక్కసారిగా ఆపకుండా నెమ్మదిగా శక్తి తగ్గించే పద్ధతిలో పెట్టుకోండి. అది ఆఖరి రక్షణ అనుకోండి, రోజూ దింపడానికి దాన్ని గుర్తుగా వాడకండి. దింపే వేళ తెలియడానికి టెలిమెట్రీ (విమానం నుంచి కిందకు వచ్చే కొలతల) హెచ్చరికో టైమరో ఉండాలి.

బ్యాటరీ ఎంపికలో ఒక సులువు: 2200 ఎంఏహెచ్ 3ఎస్‌లో 24.4 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. 1650 ఎంఏహెచ్ 4ఎస్‌లోనూ సరిగ్గా అంతే. బరువు కూడా దాదాపు అంతే ఉండటంతో గరిమనాభి పెద్దగా కదలదు. 2200 సామర్థ్యంలోనే 4ఎస్ కొంటే ఒక సెల్ బరువు ముక్కు మీద పడుతుంది, మీ బాధ మొదలైందే బరువుతో. చిన్న ప్యాకు అంతర్గత నిరోధం కాస్త ఎక్కువ. సెల్‌కు 10 మిల్లీ ఓమ్‌ల చొప్పున నాలుగు సెల్‌లకు 40 అనుకుంటే, 27 ఆంపియర్ల దగ్గర వోల్టు పైన కుంగుతుంది, 13 ఆంపియర్ల దగ్గర అరవోల్టు. చలిలో ఈ నిరోధం బాగా పెరుగుతుంది. ప్యాకు ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పడానికి దాని మీద రాసే ‘సీ’ అంకెను సగానికి కోసుకుని లెక్కవేయడం నా అలవాటు.

తీగల పొడవు గురించి అడిగారు. బ్యాటరీ నుంచి ఈఎస్‌సీకి వెళ్లే తీగలను పొడిగించకండి, ఈఎస్‌సీ నుంచి మోటారుకు వెళ్లే మూడింటిని పొడిగించుకోండి. బ్యాటరీ వైపు పొడవు పెరిగితే ప్రతి స్విచింగ్‌కూ వోల్టేజీ ఎగిరెగిరి పడి, ఈఎస్‌సీ మీద ఉండే కెపాసిటర్లు వేడెక్కి ఉబ్బుతాయి. మల్టీమీటర్‌కు ఆ ఎగుళ్లు కనిపించవు. 4ఎస్ తగిలించినప్పుడు ‘టప్’ మని వచ్చే నిప్పురవ్వ ఆ కెపాసిటర్లు ఒక్కసారిగా నిండటం వల్ల వచ్చేది, దానికి భయపడనక్కర లేదు. 6ఎస్, ఆ పైన అయితే మొనలు కాలకుండా రెసిస్టర్ ఉన్న యాంటీ-స్పార్క్ కనెక్టర్ వాడతారు.

చివరగా, లైపోకు బదులు టేబుల్ మీద 12 వోల్టుల పవర్ సప్లైతో మోటారు పరీక్షించవచ్చా అన్నారు. ప్రొపెల్లర్ తీసేసి, నిదానంగా తిప్పి దిశ చూసుకోవడానికి ఫరవాలేదు. ప్రొపెల్లర్‌తో పూర్తి థ్రాటిల్‌కు వద్దు. బ్యాటరీ క్షణంలో 17 ఆంపియర్లు ఇవ్వగలదు. పవర్ సప్లై తన పరిమితి రాగానే వోల్టేజీ దించేస్తుంది, ఈఎస్‌సీ ఆగి మళ్లీ మొదలవుతుంది, కొలతలు అర్థం కాకుండా పోతాయి. అంతకన్నా చెడ్డది థ్రాటిల్ ఒక్కసారి తగ్గించినప్పుడు, బ్రేక్ పెట్టి ఉంటే మరీను. తిరుగుతున్న మోటారు జనరేటరై శక్తిని వెనక్కి పంపుతుంది. బ్యాటరీ దాన్ని మింగేస్తుంది. పవర్ సప్లై మింగలేదు, అందువల్ల వోల్టేజీ పైకి లేచి ఈఎస్‌సీ కెపాసిటర్ల మీదో, ఆ సప్లై మీదో పడుతుంది. ఆ సప్లైని ఛార్జర్ నడపడానికి ఉంచుకోండి. 12 వోల్టులు, 10 ఆంపియర్లదైతే మీ రెండు రకాల ప్యాకులనూ నింపడానికి అది కావలసినదానికన్నా ఎక్కువే.